నీ జీతంలో హెల్త్ ఇన్సూరెన్స్ కోత గురించి

మామా,

పేస్లిప్ చూసి నువ్వు పెట్టిన గోలంతా చదివాను. రెండు వారాలకోసారి 310 డాలర్లు కోస్తుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఆ ఒక్క అంకె చూసి కంపెనీ దోచేస్తోందని తేల్చేయకు. ముందు ఏడాది లెక్క వెయ్యి, మనకిక్కడ ఏడాదికి జీతాలు 24 కాదు, 26. అంటే 8,060. పన్ను వేయకముందే కోస్తారు కాబట్టి చేతికొచ్చే జీతం నిజానికి అంత తగ్గదనుకో, అయినా చిన్న మొత్తమేం కాదు.

ఇక్కడ అమెరికాలో కేఎఫ్ఎఫ్ అని ఒక సంస్థ ఏటా కంపెనీల సర్వే చేస్తుంది. 2024లో ఫ్యామిలీ ప్రీమియం సగటున 25,572 డాలర్లయితే అందులో ఉద్యోగి కట్టింది 6,296, మిగతాది కంపెనీయే పెట్టుకుంది. నీది అంతకన్నా ఎక్కువే, చిన్న కంపెనీల్లో ఫ్యామిలీకి ఇలా ఎక్కువ కోయడం మామూలే. అసలు మీ మొత్తం ప్రీమియం ఎంతో తెలియాలి కదా. హెచ్ఆర్‌ని సూటిగా అడిగితే నసుగుతారు, అందుకని కోబ్రా రేటు ఎంత అని అడుగు. ఉద్యోగం మానేసినవాళ్లు అదే ప్లాన్ కొనసాగించుకోవాలంటే కట్టే రేటది, మొత్తం ప్రీమియం మీద మహా అయితే 2 శాతం ఎక్కువ. గుట్టంతా అక్కడే తెలిసిపోతుంది! జనవరిలో కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, పన్నుల కాగితం డబ్ల్యూ-2లో 12వ బాక్సు, డీడీ కోడ్ పక్కన కూడా ఉంటుంది గానీ చిన్న కంపెనీలు వేయాలని రూలు లేదు. కంపెనీ సగం కూడా పెట్టడం లేదని తేలితే అప్పుడు తిట్టు, నేనూ కలుస్తాను.

నాకు అంతకన్నా వింతగా అనిపించింది నువ్వు పీపీఓ, అదే కోత ఎక్కువుండే ప్లాన్, తీసుకోవడం. నువ్వు పంపిన కాగితంలోనే హెచ్‌డీహెచ్‌పీ, అదే కోత తక్కువ, డిడక్టిబుల్ ఎక్కువ ఉండే ప్లాన్, రెండు వారాలకి 170 అని ఉంది కదరా. డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలెట్టేలోపు మనం జేబులోంచి పెట్టాల్సింది, 4,000 అని చూసి భయపడ్డావు. సరే, ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బే చేసి, ప్లాన్‌తో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ హాస్పిటల్లో ఖర్చు చివరి హద్దు దాకా, అంటే ఏడాదిలో మన జేబులోంచి పోగలిగే గరిష్ఠ మొత్తం దాకా పోయిందనుకుందాం. పీపీఓలో 8,060, దానికి ఆ హద్దు 6,000 కలిపితే 14,060. రెండోదాంట్లో 4,420, హద్దు 7,000, అందులోంచి కంపెనీ హెచ్ఎస్ఏలో, అంటే వైద్యం ఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే నీ ఖాతాలో, వేసే 1,000 తీసెయ్, 10,420. జబ్బు చేసినా అదే చవక, చేయకపోయినా అదే చవక. మరి ఆ పీపీఓ ఎవరి కోసం పెట్టారో వాళ్లకే తెలియాలి. కాకపోతే హెచ్‌డీహెచ్‌పీలో ఏడాది మొదట్లోనే బిల్లులు పడితే చేతిలో డబ్బుండాలి, అదొక్కటి చూసుకో.

అమ్మానాన్నల్ని కలపొచ్చా అన్నావు. ఇండియాలో చాలా కంపెనీలు కలుపుకోనిస్తాయి గానీ ఇక్కడ మామూలుగా భార్యాపిల్లల వరకే. వాళ్లు వచ్చినప్పుడు విజిటర్ ఇన్సూరెన్స్ విడిగా కొనాల్సిందే.

ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో, అంటే ఏటా ప్లాన్ మార్చుకోనిచ్చే రోజుల్లో, మార్చేటప్పుడు మా చెల్లెమ్మ, అదే నీ భార్య, తన ఆఫీసులో మామూలు ఎఫ్ఎస్ఏ (జీతంలోంచి వైద్యం ఖర్చులకి పక్కన పెట్టే ఇంకో రకం ఖాతా) తీసుకుందేమో కనుక్కో. ఉంటే నువ్వు హెచ్ఎస్ఏలో డబ్బు వేయకూడదు, ఈ లెక్కంతా మళ్లీ వేయాలి. కోబ్రా రేటు తెలియగానే ఫోన్ చెయ్.