వార్షిక నివేదిక: ప్యానెల్‌లో వెలగని ఆ చిన్న దీపం

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా చేసిన పనులన్నీ వరసపెట్టి చదవడం మనకు అలవాటు. ఈసారి ఆ వరస పక్కన పెడుతున్నాను. మన రెండు ఉమ్మడి పడవలకు ఈ ఏడాది జరిగిన మరమ్మతుల్లో చాలావరకు కంట్రోల్ ప్యానెల్‌లో మాడిపోయిన ఒక గోరంత బల్బు దగ్గరే మొదలయ్యాయి. కాబట్టి దాని సంగతే ఎక్కువగా రాస్తాను.

మిగతావి ముందుగా రెండు ముక్కల్లో. పెద్ద పడవను ఒడ్డుకెక్కించి అడుగు గీకించి రంగు వేయించాం. పడవ లోహభాగాలకు బదులు తామే తుప్పుకు అరిగే జింకు దిమ్మలు మార్చాం. లైఫ్ జాకెట్లు, మంటలార్పే సిలిండర్లు ఒక్కొక్కటీ తీసి చూశాం. జమాఖర్చులు కోశాధికారి సభలో చదువుతారు.

ఇక అసలు విషయం. పెద్ద పడవలో అడుగున చేరే నీళ్లను తోడే బిల్జ్ పంపు స్విచ్‌కు ఒక చిన్న ఎర్ర దీపం ఉంది. స్విచ్ ఆటోలో ఉన్నప్పుడు నీటిమట్టం పెరిగి, నీళ్ల మీద తేలే ఫ్లోట్ స్విచ్ లేస్తే, పంపుతో పాటు ఆ దీపం కూడా వెలగాలి. అది ఎప్పుడు పోయిందో మనలో ఎవరికీ తెలియదు. పోయిందని చూసినవాళ్లం కూడా ‘పంపు తిరుగుతోంది కదా, దీపం వెలగకపోతే ఏమైంది’ అనుకుని వదిలేశాం. అలా అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ నెలల్లోనే ప్రొపెల్లర్ ఇరుసు పడవలోకి వచ్చే చోట నీళ్లను ఆపే ప్యాకింగ్ సడలింది. చుక్కలుగా పడాల్సిన నీళ్లు సన్నటి ధారగా మారాయి. ప్రయాణంలో పంపు మాటిమాటికీ తిరుగుతూనే ఉంది. కానీ ఇంజిన్ హోరులో దాని చప్పుడు వినబడదు, చూసి తెలుసుకోవడానికి దీపం లేదు. పడవ కట్టేసి ఉన్న రోజుల్లోనూ పంపు అలాగే తోడుతూ పోయింది. 4 ఆంపియర్లు లాగే పంపు ఆగకుండా నడిస్తే 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒక్క రోజుకు కాస్త అటూ ఇటూగా ఖాళీ అవుతుంది. మనది ఆగి ఆగి నడిచింది కాబట్టి మరికొన్ని రోజులు పట్టింది, అంతే తేడా. ఒక ఉదయం ఒక సభ్యుడు వెళ్లి చూసేసరికి నేలపలకల మీదికి నీళ్లొచ్చి ఉన్నాయి, బ్యాటరీ చచ్చిపోయి ఉంది. చేతిపంపుతో తోడి పడవను కాపాడిన నలుగురికీ సంఘం తరఫున కృతజ్ఞతలు.

ప్యాకింగ్ ఒక పూటలో బిగించేశాం. బల్బు దగ్గర మాత్రం మూడు పాఠాలు నేర్చుకోవాల్సి వచ్చింది.

మొదటిది నా చేతుల మీదుగానే జరిగింది. మెయిన్ స్విచ్ ఆపేశాను, ఇక ప్యానెల్‌లో కరెంటు లేదనుకుని వెనక స్క్రూడ్రైవర్ పెట్టాను. అది నెగటివ్ పట్టీకి తగిలి నిప్పురవ్వ లేచింది, ఫ్యూజు పోయింది. బిల్జ్ పంపు ఆటో లైన్ మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, విడిగా ఒక ఫ్యూజు మీదుగా నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. మనుషులు లేనప్పుడు మెయిన్ ఆపి వెళ్లినా పంపు పనిచేయాలి కాబట్టే అలా పెడతారు. నాకు తెలియని సంగతేమీ కాదు, ఆ క్షణంలో గుర్తు రాలేదు. ప్యానెల్ పక్కన పెట్రోలు ఆవిరి ఉండి ఉంటే ఆ నిప్పురవ్వ ఎంత పని చేసేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఇకపై ప్యానెల్ విప్పేవాళ్లు ముందుగా గాలి ఆడేలా తలుపులు తెరవాలి, మెయిన్ ఆపాలి, పంపు ఫ్యూజు తీసి జేబులో వేసుకోవాలి, ఆ తర్వాత మల్టీమీటర్‌తో స్విచ్ వెనక వైర్లు తగిలే కాళ్ల దగ్గర వోల్టేజీ లేదని చూసుకోవాలి. ఈ నియమం ప్యానెల్ తలుపు లోపలివైపు రాసి అంటించాం.

రెండోది చిలుము. పాత బల్బు గాజు నల్లబడి, ఫిలమెంట్ తెగి ఉంది. అందులో అనుమానం లేదు. కొత్తది పెడితే ఒకసారి వెలిగి, ఒకసారి ఆరింది. బల్బు మీద అనుమానపడి మరొకటి పెట్టాం, అదీ అంతే. చివరికి మీటర్ తీస్తే సంగతి బయటపడింది: పాజిటివ్ వైపు 12.6 వోల్టులు బాగానే వస్తున్నాయి, నెగటివ్ వైపు క్లిప్పులో ఉప్పుగాలికి పచ్చటి చిలుము పట్టి ఉంది. క్లిప్పు కత్తిరించి, తగరం పూత ఉన్న రాగి వైరుకు కొత్త క్లిప్పు నొక్కి, తేమ చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు రాశాం. అప్పటి నుంచి దీపం నికరంగా వెలుగుతోంది. మొదటి కొత్త బల్బు ఆరినప్పుడే దాని రెండు కాళ్ల మధ్య వోల్టేజీ కొలిచి ఉంటే ఒక బల్బు, ఒక సాయంత్రం మిగిలేవి.

బల్బు ఎంపిక గురించి ఒక మాట. మన బ్యాటరీని 12 వోల్టులని పిలుస్తాం గానీ, ఇంజిన్ తిరుగుతూ చార్జి అవుతున్నప్పుడు ప్యానెల్‌లో 14.4 వోల్టుల దాకా ఉంటుంది. ఫిలమెంట్ బల్బుకు రాసి ఉన్నదానికంటే 5 శాతం వోల్టేజీ ఎక్కువైతే చాలు, ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే 14 వోల్టులకు తయారైన బల్బులే తెచ్చాం. మూతి కూడా చూసుకోవాలి. గాజు అడుగునే చదునుగా ఉండి గుచ్చుకునేది ఒక రకం, 9 మిల్లీమీటర్ల బయొనెట్ మూతిది ఇంకో రకం, 10 మిల్లీమీటర్ల మరమూతిది మరో రకం. అటూ ఇటూ నొక్కే కొన్ని రాకర్ స్విచ్‌లకు మూత ఊడదు, దీపం లోపలే అతికి ఉంటుంది. వాటికి స్విచ్ మొత్తం మార్చడం తప్ప దారి లేదు. అప్పుడు వెనక వైర్లు పీకే ముందు ఫోటో తీసి, కాళ్ల మీది అంకెల ప్రకారం చీటీలు కట్టండి.

మూడోది ఎల్‌ఈడీ. చిన్న పడవలో ఫిలమెంట్‌కు బదులు ఎల్‌ఈడీ వేద్దామని యువ సభ్యులు ముందుకొచ్చారు, మంచి ఆలోచనే. మొదట వెలగలేదు, తిప్పి పెడితే వెలిగింది. ఫిలమెంట్‌కు ఎటు పెట్టినా ఒకటే, ఎల్‌ఈడీకి పాజిటివ్, నెగటివ్ తేడా ఉంది. కరెంటును తగ్గించే రెసిస్టర్ లేని విడి ఎల్‌ఈడీని నేరుగా తగిలిస్తే సరైన వైపు పెట్టినా మాడిపోతుంది. ఎర్రది సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. 14.4 వోల్టుల దగ్గర 10 మిల్లీ ఆంపియర్లకు 1,200 ఓముల రెసిస్టర్ సరిపోతుంది. ఆ వెలుగు కూడా రాత్రిపూట చుక్కాని పట్టేవాళ్ల కళ్లకు ఎక్కువని ఫిర్యాదు వస్తే ఇంకా పెద్ద రెసిస్టర్ వేశాం. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది, ప్యానెల్ వైపు ఒక్క చూపుతో ఆ కష్టమంతా పోకూడదు.

అయితే ఒక దీపం జోలికి మాత్రం వెళ్లొద్దని నిర్ణయించాం. అది ఇంజిన్‌తో తిరిగి బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ చార్జింగ్ దీపం. చాలా ఇంజిన్లలో ఆల్టర్నేటర్ మేలుకోవడానికి కావలసిన తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. అక్కడ ఎల్‌ఈడీ పెడితే అంత కరెంటు పోదు, చార్జింగ్ మొదలుకాకపోవచ్చు. ఆ బల్బు మాడిపోయినా ఇదే గొడవ. తాళం తిప్పగానే అది వెలగాలి, ఇంజిన్ అందుకున్నాక ఆరాలి. వెలగకపోతే ‘అన్నీ బాగున్నాయి’ అనుకోకండి.

ఇదంతా చూశాక నావిగేషన్ దీపాల స్విచ్‌లనూ పరీక్షించాం. ప్యానెల్ మీది దీపం అసలు దీపానికి సమాంతరంగా కలిపి ఉంది, అంటే స్విచ్‌లో కరెంటు ఉందని మాత్రమే చెబుతుంది. వెనక దీపం మాడిపోయినా ప్యానెల్‌లో వెలుగుతూనే ఉంటుంది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా అవి వెలగాలన్నది 1972 నాటి అంతర్జాతీయ ఢీ నివారణ నియమాల్లో ఉంది. కాబట్టి సాయంత్రం బయలుదేరేవాళ్లు ఒకరిని గట్టుమీద నిలబెట్టి పక్క దీపాలు, వెనక దీపం, స్తంభం మీది దీపం కంటితో చూడాలి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం అడిగేది ఒకటే. ప్రతి ప్రయాణానికి ముందు ఫ్లోట్ స్విచ్‌ను చేత్తో ఎత్తండి, పంపు తిరుగుతోందా, దీపం వెలుగుతోందా, రెండూ చూసి పుస్తకంలో సంతకం పెట్టండి. బల్బులు, ఫ్యూజులు, క్లిప్పులు, గ్రీజు ఉన్న డబ్బా రెండు పడవల్లోనూ ప్యానెల్ కింది అరలో ఉంది. వాడినవారు వాడినది రాయండి. చిన్న పడవ ప్యానెల్‌కు వైర్ల పటం ఇంకా గీయాల్సి ఉంది, చేయగలిగినవారు సభ ముగిశాక నన్ను కలవండి.

ఇట్లు
కార్యదర్శి