పండుగ సెలవులు అయిపోయాయి, పిల్లల్ని పంపండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు సగం బెంచీలు ఖాళీ. రాని పిల్లల ఇళ్లకు మా టీచర్లు ఫోన్లు చేశారు. దాని మీద వాట్సాప్ గ్రూపులో నడిచిన చర్చంతా చదివాను. "ఒకటో తరగతికే ఇంత పట్టుదలా మేడం?" అని కొందరు, "తల్లికి వందనానికి 75 శాతం హాజరుంటే చాలు కదా" అని ఇంకొందరు రాశారు.

ఆ 75 శాతం, ఆ పథకం కింద ప్రభుత్వం తల్లుల ఖాతాలో వేసే డబ్బుల కోసం పెట్టిన లెక్క, చదువుకు సరిపోయే లెక్క కాదండీ. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు. అందులో పాతిక శాతం పోతే 50 రోజులు! పైగా గుణింతాలు, ఒత్తులు వచ్చేది ఒకటి, రెండు తరగతుల్లోనే. మొన్న రెండో తరగతి బాబు "అక్క"ను "అక" అని చదివాడు. తెలివి లేక కాదు, ఒత్తులు మొదలుపెట్టిన వారం పెళ్లికని ఊరెళ్లాడు. ఇప్పుడు ఏ పేజీ తిప్పినా ఒత్తే: చెట్టు, పువ్వు, అన్నం. పక్కవాళ్లు గడగడా చదువుతుంటే అక్షరం మీద వేలు పెట్టి తల దించుకున్నాడు. మర్నాడు కడుపునొప్పన్నాడు. ఇలా మొదలైన పిల్లాడిని "చదువంటే ఇష్టం లేదండీ" అంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

మూడో తరగతిలో ఒక అమ్మాయి జూన్ నుంచి ఒక్కరోజూ మానలేదు. అమ్మానాన్నలు తెల్లారకముందే కూలికి వెళ్తారు. తమ్ముడికి తల దువ్వి, చెయ్యి పట్టుకుని తనే తీసుకొస్తుంది. పోయిన వారం ప్రార్థనలో పేపర్ హెడ్డింగులు తడబడకుండా చదివింది. మైకు లేకుండానే గేటు దాకా వినిపించింది! ఐదో తరగతి వాళ్లే ముందు చప్పట్లు కొట్టారు.

రాత్రి పదకొండు దాకా చేతిలో ఫోన్ పెట్టి, పొద్దున "లేవట్లేదు మేడం" అంటే మేమేం చేయగలం? దయచేసి ఆలోచించండి. శుభకార్యాలకు వెళ్లొద్దనను. ముహూర్తం ఒక పూటే, మన పిల్లలు మానేది నాలుగు రోజులు.

26న జెండా వందనానికి యూనిఫాంలో పంపండి. ఆధార్ జిరాక్సులు ఇవ్వనివారు ఈ వారంలో ఇవ్వండి.

జ్వరమొస్తే మాత్రం ఇంట్లోనే ఉంచండి. బెల్లు కొట్టేలోపు క్లాస్ టీచర్‌కు ఒక మెసేజ్ పెట్టండి, ఆ రోజు పాఠం మేం విడిగా చెబుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు