మిమి రసీనా నుంచి మనవరాలికి: ఇంద్రమాయు ముసుగు నాట్యం

సభ్యులందరికీ నమస్కారం. ఇండోనేషియాలోని జావా ద్వీపపు ముసుగు నాట్యం తరతరాలకు ఎలా అందుతోందన్న ప్రశ్నకు ఇది నా సమాధానం. పశ్చిమ జావాలోని ఇంద్రమాయుకు చెందిన మిమి రసీనా (1930–2010) తండ్రి వద్ద అభ్యసించిన ఈ విద్యను, పక్షవాతం బారిన పడిన తరువాత, 2008లో మనవరాలు ఏర్లికి అప్పగించారు. ‘మిమి’ అంటే అక్కడి మాటలో అమ్మ అని అర్థం. కొయ్య ముసుగును తలకు కట్టుకోరు, దాని లోపలి తోలుపట్టీని పళ్లతో కరిచి పట్టుకుంటారు కనుక నర్తకి ఆట ముగిసేదాకా ముక్కుతోనే ఊపిరి తీసుకోవాలి. క్లానా అనే ఉగ్రుడైన రాజు పాత్రకు వేసే ఎర్రని ముసుగులో ఆవేశమంతా బయటపడుతుంది గాని, గామెలాన్ అనే కంచు వాద్యబృందం హోరెత్తుతుండగా దేహం దాదాపు కదలకుండా ఆడవలసిన తెల్లని ముసుగు వేసే పంజి అనే శాంత రాకుమారుడి పాత్రను నేర్పడమే, నా దృష్టిలో, అసలైన కష్టం. పెకండంగన్ గ్రామంలో రసీనా పేరిట ఉన్న నాట్యశాలలో ఏర్లి ఆ పనినే కొనసాగిస్తున్నారు.