పెద్దల చేతికి మొక్క అప్పగించండి

సంపాదకులకు నమస్కారం.

వృద్ధుల ఆరోగ్యం గురించి రాసేటప్పుడు తోటపనిని టీవీ, పేకాటల సరసన కాలక్షేపాల్లో కలిపేయడం పత్రికలకు ఆనవాయితీ అయింది. వృద్ధాశ్రమాల ప్రకటనల్లోనూ పచ్చిక బొమ్మలు తప్పక ఉంటాయి గానీ, దానికి నీళ్లు పట్టేదీ కలుపు తీసేదీ జీతానికి పెట్టుకున్న తోటమాలే. పెద్దలు బల్ల మీద కూర్చుని చూస్తుండాలి. నా అభ్యంతరమంతా ఆ చూస్తూ కూర్చోవడం మీదే.

చూడటం వల్ల మేలు లేదనను. శస్త్రచికిత్స తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్న రోగులు, ఇటుక గోడ మాత్రమే కనిపించిన వారికంటే త్వరగా ఇల్లు చేరారనీ, వారికి ఘాటైన నొప్పి మందుల అవసరం తగ్గిందనీ అమెరికాలో రోజర్ ఉల్రిక్ 1984లో ప్రచురించిన అధ్యయనం చూపింది. కానీ అంతకుముందే, 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వవేత్తలు ఒక వృద్ధుల సంరక్షణాలయంలో చేసిన ప్రయోగం నాకు మరింత విలువైనదిగా తోస్తుంది. అక్కడ ఒక అంతస్తులోని వారికి తలా ఒక మొక్క ఇచ్చి, దాని బాగోగులతో పాటు దినచర్యలో కొన్ని నిర్ణయాలనూ వారికే వదిలేశారు. మరో అంతస్తు వారికీ మొక్కలిచ్చారు గానీ నీళ్లు పోసేది సిబ్బందేనని చెప్పారు. కొద్ది వారాల్లోనే మొదటి అంతస్తు వారిలో చురుకుదనం, ఉత్సాహం ఎక్కువగా కనిపించాయి. ఆ ఘనతంతా మొక్కదే అనలేం; తమ మీద ఒక బాధ్యత ఉందన్న ఎరుకకూ అందులో పెద్ద వాటా ఉంది.

‘మీకెందుకు శ్రమ, మేం చూసుకుంటాం’ అని ప్రేమగా అనే పిల్లలు లాగేసుకుంటున్నది దాన్నే.

పడిపోతారన్న భయం నిజమైనదే. అయితే అరవై ఐదేళ్లు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, మూడు రోజులైనా తూలిపోకుండా నిలబడే పట్టును, కండరాల బలాన్ని పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మట్టి గుల్ల చేయడం, కుండీలు సర్దడం ఆ శ్రమలో కొంత భాగాన్ని వ్యాయామమని అనిపించకుండానే చేయిస్తాయి. మడులను నడుము ఎత్తుకు కడితే వంగనక్కర్లేదు. చక్రాల కుర్చీలో ఉన్నవారికి ఇంకాస్త తగ్గించి, మోకాళ్లు పట్టేలా కింద ఖాళీ వదలాలి. నీళ్ల డబ్బాను సగమే నింపాలి. సన్నటి విత్తనాలను వణికే వేళ్లతో ఒక్కొక్కటిగా వేయడం కష్టం గనుక, పొడి ఇసుకలో కలిపి చల్లుకోమనాలి. రక్తపోటు మందులు వాడేవారు గొంతుక్కూర్చుని ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగవచ్చు. పాదాల స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు చెప్పులు లేకుండా మట్టిలోకి దిగకూడదు. ధనుర్వాతం టీకా సంగతి వైద్యుణ్ణి అడగాలి. మతిమరుపు జబ్బు ఉన్నవారు ఆకులు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి, గన్నేరు, ఉమ్మెత్త వంటి విషపు మొక్కలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

వృద్ధాశ్రమాల నిర్వాహకులు ఆసక్తి ఉన్నవారికి తలా ఒక కుండీ కేటాయించి, ఏ మొక్క వేయాలో వారినే ఎంచుకోనివ్వాలి. నీళ్లు పోయడం ఎవరైనా మరిచిపోతే, సిబ్బంది చాటుగా పోసి కాపాడకుండా, వెళ్లి వారికే గుర్తు చేయాలి. అయినా మొక్క ఎండిపోతే మరో విత్తనం ఇస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు