పిన్ను ఎట్లా వంగుతుందో ముందు చూడు

కడప

అమ్మీ,

ఆపరేషన్‌లో పేగును పిన్నులతో మూసి కోసే స్టేప్లర్‌కు పిన్నుల డబ్బా అందిస్తూ సిస్టర్ "బ్లూనా, గ్రీనా?" అని అడిగితే ఏం చెప్పాలని ఫోన్‌లో అడిగినావు. రంగు చెప్పేస్తే ఒక్క మాటతో అయిపోతుంది. కానీ రేపు ఇంకో కంపెనీ డబ్బా చేతికొస్తే మళ్లా మొదటికే వస్తావు. కర్నూలు పెద్దాసుపత్రి సర్జరీ వార్డంటే ఏ రోజైనా స్టేప్లర్ నీ చేతికి ఇస్తారు. అంతలోపల ఇది చదువు.

కడుపు లోపల వాడే పిన్ను టైటానియం తీగ. మందం ఇంచుమించు 0.2 మి.మీ. వంచితే వంగినట్టే ఉంటుంది, స్ప్రింగులా వెనక్కి రాదు. ఎమ్మారై తీయడానికీ అడ్డం కాదు. కార్ట్రిడ్జ్‌లో, అంటే పిన్నుల డబ్బాలో, ఇది రెండు కాళ్లు పైకెత్తి యు ఆకారంలో కూర్చుని ఉంటుంది. ఫైర్ చేస్తే, అంటే పిడి నొక్కి పిన్నులు కొడితే, ఏటవాలు ముక్క ఒకటి లోపల ముందుకు జరుగుతూ పిన్నుల కింద ఉండే డ్రైవర్లను వరసగా పైకి తోస్తుంది. కాళ్లు కణజాలాన్ని పొడుచుకుని ఎదుటి దవడ మీద, అంటే ఆన్విల్ మీద, ఉన్న గుంటల్లో దిగుతాయి. ఒక్కో పిన్నుకు రెండు గుంటలు. గుంట అడుగు వంపుగా ఉంటుంది కాబట్టి కాలి మొన ఆ వంపు వెంబడే లోపలికి ఒరిగి, మళ్లా వెన్ను వైపు, అంటే రెండు కాళ్లను కలిపే అడ్డ తీగ వైపు, తిరుగుతుంది. రెండు కాళ్లూ అట్లా తిరిగితే ఇంగ్లిష్ బి అక్షరం వెల్లకిలా పడుకున్నట్టు కనిపిస్తుంది.

ఆ ఆకారమే ముఖ్యం. ఆఫీసు స్టేప్లర్ పిన్ను మాదిరి కాళ్లు చదునుగా అణిగిపోతే ఆ అంచుకు నెత్తురు అందదు. బిలో రెండు ఖాళీలు ఉంటాయి చూడు, సన్న రక్తనాళాలు వాటి గుండా పారుతూనే ఉంటాయి. కోసిన అంచు మానేది ఆ నెత్తురుతోనే. 1908లో బుడాపెస్ట్‌లో హుల్టల్ అనే సర్జన్ తెచ్చిన మొదటి స్టేప్లర్ మూడు కిలోల పైమాటే. కానీ నొక్కి పట్టడం, బిగా వంచడం, వరసలు తప్పించి పేర్చడం అందులోనే ఉన్నాయి. మనం ఇప్పటికీ చేసేది అదే.

వరసలు తప్పించడం అంటే ఒక వరసలో సందు ఉన్నచోట పక్క వరసలో పిన్ను పడేట్టు పేర్చడం. పిన్నుల వరసల మధ్య కోసుకుంటూ పోయే కత్తికి ఒక్కోవైపు రెండో మూడో వరసలు ఉంటాయి. కత్తి చివరి పిన్నుల కంటే ముందే ఆగిపోతుంది. అందుకే డబ్బా మీద 60 మి.మీ. అని ఉన్నా కోత అంత పొడుగు రాదు. దవడల మూల దాకా పేగును కుక్కొద్దు, అక్కడ మడత పడి పిన్ను సరిగ్గా వంగదు.

ఇంక రంగు. దాని వెనక రెండు అంకెలు ఉంటాయి, వంగకముందు కాలి ఎత్తు, వంగినాక ఎత్తు. మామూలుగా తెలుపు 2.5 నుంచి 1.0 మి.మీ.కి వస్తుంది, రక్తనాళాలకు, సన్నటి వాటికి. నీలం 3.5 నుంచి 1.5కి, ఇది పేగులకు. బంగారు రంగు 3.8 నుంచి 1.8కి. ఆకుపచ్చ 4.1 నుంచి 2.0కి, దళసరి జీర్ణాశయానికి. ఓపెన్ సర్జరీ పాత మోడళ్లలో ఆకుపచ్చ కాలు 4.8 ఉంటుంది. ఇంకో కంపెనీలో ఈ రంగులే ఉండవు, ఊదా, నలుపు అంటారు, పైగా కత్తి పక్క వరస పొట్టిగా, బయటి వరస పొడుగ్గా ఉంటుంది. కాబట్టి రంగు కాదు, అంకె చదివి చెప్పమను. ఒకే జీర్ణాశయంలో కూడా మందం మారుతుంది. పైలోరస్, అంటే జీర్ణాశయం పేగులోకి తెరుచుకునే కింది కొస, దగ్గర దళసరి, పైకి పోయేకొద్దీ పలచన. అడుగున పెట్టిన రీలోడే, అంటే అదే రకం పిన్నుల డబ్బానే, పై దాకా లాగడం నాకు నచ్చదు.

దళసరి చోట పొట్టి పిన్ను వేస్తే కాలు గుంట చివరి దాకా పోదు, సగం వంగి ఆగిపోతుంది. టేబుల్ మీద అంతా బాగానే కనిపిస్తుంది. తర్వాత పేగు కదిలి, గాలి ఒత్తిడి పెరిగినప్పుడు విప్పుకుంటుంది. జ్వరం, నాడి వేగం ఆ తర్వాత. పలచటి చోట పొడుగు పిన్ను వేస్తే బి వదులుగా ఉండి అంచు నుంచి నెత్తురు కారుతుంది.

దవడలు మూసినాక 15 సెకన్లు ఆగు. కణజాలంలోని నీరు పక్కలకు జరిగి మందం స్థిరపడాలి. వెంటనే ఫైర్ చేస్తే పిన్ను నీళ్ల మందాన్ని కూడా పట్టుకోవాల్సి వస్తుంది. మన దగ్గర పేగు అడ్డుపడిన కేసులు చానా ఆలస్యంగా వస్తాయి, పేగు ఉబ్బి ఉంటుంది. అట్లాంటి పేగుకు నేను చేతి కుట్టే వేయమంటాను. స్టేప్లర్ టేబుల్ మీద ఉన్నంత మాత్రాన వాడాలని లేదు.

ఫైర్ చేసేటప్పుడు పనిముట్టును ఎత్తొద్దు, తిప్పొద్దు. దవడల మధ్య పాత క్లిప్పు ఉందేమో ముందే వేలితో తడిమి చూడు. లోహం తగిలితే కత్తి మొండిబారుతుంది, పిన్నులు వంకర పోతాయి. గట్టిగా అడ్డం తగిలితే ఆగిపో, బలం పెట్టొద్దు. తెరిచినాక రెండు వైపులా పిన్నులను దగ్గరగా చూడు. నెత్తురు చెమర్చితే గాజుగుడ్డతో నొక్కి పట్టు, ఆగకపోతే ఒక కుట్టు వెయ్యి. పిన్నుల మీద కాటరీ, అంటే కరెంటుతో కాల్చే పనిముట్టు, పెట్టొద్దు, లోహం గుండా వేడి పాకి అంచు మాడిపోతుంది. మలాశయానికి గుండ్రటి స్టేప్లర్ వాడితే దాంతో తెగి బయటికొచ్చిన రెండు కణజాలపు ఉంగరాలూ తెగకుండా పూర్తిగా ఉన్నాయో లేదో చూసి, కడుపులో నీళ్లు పోసి, మలాశయంలోకి గాలి పంపి, బుడగలు వస్తున్నాయేమో చూడాలి.

చర్మం పిన్ను సంగతి వేరు. అది స్టీలు. బిగా కాదు, పెట్టెలా వంగుతుంది. వెన్ను చర్మం పైన ఉంటుంది, కొనలు లోపల ఎదురెదురుగా తిరుగుతాయి. అసిస్టెంటు ఫోర్సెప్స్‌తో అంచులు రెండూ కొంచెం పైకి లేపి పట్టాలి, లోపలికి మడిచి కొడితే మచ్చ గుంట పడుతుంది. స్టేప్లర్‌ను మెత్తగా ఆనించు, అదిమితే వెన్ను చర్మంలో దిగి తీసేటప్పుడు ఏడిపిస్తుంది. పిన్నుకూ పిన్నుకూ అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దూరం. మిగిలిన పిన్నులు దండగ అని అదే స్టేప్లర్‌ను ఇంకో మనిషికి వాడనీయొద్దు.

తీసే తారీఖు చీటీ మీద పెద్దక్షరాలతో రాసియ్యి. తలకు 7 నుంచి 10 రోజులు, కాళ్లకు చేతులకు 10 నుంచి 14. ఆదోని, పత్తికొండ పల్లెల నుంచి వచ్చినోళ్లు మళ్లా నీ దగ్గరికి రారు, ఊళ్లో ఎవరితోనో పటకారుతో లాగించుకుంటారు. పిన్నులు తీసే రిమూవర్ ఒకటి వాళ్ల చేతికే ఇవ్వగలిగితే మంచిది. దాని కింది రెండు కొనలు వెన్ను కిందికి దూర్చి, పిడి పూర్తిగా నొక్కినాకనే పైకి ఎత్తాలి. సగం నొక్కి ఎత్తితే కొనలు చర్మాన్ని చీల్చుకుంటూ వస్తాయి. ముందు ఒకటి విడిచి ఒకటి తీసి, గాయం విచ్చుకోకపోతే మిగిలినవి తీయాలి. విచ్చుకుంటే అక్కడ ఆపి, పట్టీ వేసి, రెండు రోజులు ఆగి చూడమని చెప్పు. తీసినవన్నీ లెక్కపెట్టి సూదులు పారేసే తెల్ల డబ్బాలో వేయించు.

మీ నాయన