మోకాలు మడిచి ఆటో ఎక్కాను, అందరికీ థ్యాంక్స్

అందరికీ నమస్కారం. ఎర్రగుంట్ల, నిడుజువ్వి వైపు నాపరాళ్ల పని చేసేవాళ్లలో చాలామందికి నా సంగతి తెలుసు. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: పాలిష్ ఫ్యాక్టరీలో బండల దొంతర జారి పడి, కుడికాలు మోకాలి పైదాకా తీసేయాల్సి వచ్చింది. ఆ రోజు గురించి ఇంతకు మించి రాయను. ఇప్పుడు కొత్త కాలు వచ్చింది, మోకాలు మడుస్తుంది, నడుస్తున్నాను. అది చెప్పడానికే ఈ పోస్టు. దీని వెనక ఎంతమంది ఉన్నారో తలచుకుంటే ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి దండం పెట్టడం అయ్యే పని కాదు.

ముందు మా ఫ్యాక్టరీ వాళ్లు. చందా వేసుకుంటున్నట్టు నాకు తెలియనివ్వలేదు. బీహార్ నుంచి వచ్చిన పిల్లగాళ్లు కూడా వేశారట, వాళ్లకు నా పేరు సరిగ్గా పలకడం కూడా రాదు. ఓనరు నన్ను పనిలోంచి తీసేయకుండా కుర్చీలో కూర్చోబెట్టి బిల్లులు రాయమన్నాడు. సచివాలయం అమ్మాయి, వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం పరీక్షకు స్లాట్ దొరికేదాకా పట్టు వదల్లేదు. బెంగళూరులో మా బామ్మర్ది ఒంటిగది ఇంట్లో నాకు మంచం ఇచ్చి, తాను కింద పడుకున్నాడు. ఒరే, నీ గురక గురించి మాత్రం థ్యాంక్స్ చెప్పలేను.

కడప పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపీ మేడమ్ గురించి కొంచెం ఎక్కువ రాయాలి. కాలు తీసేశాక మిగిలిన తొడ కింద దిండు పెట్టుకుంటే ఎంత హాయిగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఆమె వచ్చీరాగానే ఆ దిండు లాగేసింది. దిండు మీద వంచి పెడితే తుంటి అట్లాగే బిగుసుకుపోతుందట, రేపు ఎంత మంచి కాలు తగిలించినా నిటారుగా నిలబడలేమట. రోజూ బోర్లా పడుకోమనేది. క్రేప్ బ్యాండేజీ ఎనిమిది అంకె ఆకారంలో ఎట్లా చుట్టాలో మా ఆవిడకు నేర్పింది, పైన వదులుగా, చివర బిగువుగా. వాపు తగ్గి తొడ సరైన ఆకారానికి వస్తేనే సాకెట్, అంటే తొడ దూర్చుకునే గిన్నెలాంటి భాగం, కుదురుతుంది. అప్పట్లో ఆమెను మనసులో ఎన్ని తిట్టుకున్నానో. మేడమ్, మీ చలవే ఇదంతా.

మొదట ఒక క్యాంపులో ఇచ్చిన కాలు పెట్టుకున్నాను. అది లాక్ మోకాలు. నడిచేటప్పుడు కర్రలా బిగుసుకుని ఉంటుంది, కూర్చోవాలంటే లాక్ తీయాలి. కాలు మడవదు కాబట్టి నేల మీద రాసుకోకుండా నడుము ఎత్తి, పక్కనుంచి తిప్పుకుంటూ వేయాలి. సాయంత్రానికి నడుము విరిగిపోయేది. బస్సులో లాక్ తీయడం ఆలస్యమైతే నా కాలు దారికి అడ్డం, ఎక్కేవాళ్లు దిగేవాళ్లు తట్టుకుని నన్నే తిట్టేవాళ్లు. ఆ కాలు ఇచ్చినవాళ్లను తప్పుపట్టను. మంచం మీద నుంచి లేపింది అదే. కానీ దాన్ని తొడిగించి ఫోటో తీసుకున్నాక మళ్లీ ఎట్లా ఉన్నావని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత బెంగళూరులో కృత్రిమ కాళ్లు పెట్టే సెంటర్లో పెట్టిన మోకాలు పేరు కదమ్. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్ గారి బృందం తయారుచేసింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు చెందిన సొసైటీ ఫర్ బయోమెడికల్ టెక్నాలజీ, బెంగళూరు మొబిలిటీ ఇండియా అనే సంస్థ చేయి కలిపి 2022లో బయటికి తెచ్చారు. మా అన్న కొడుకు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివాడు, వాడే నాకు విప్పి చెప్పాడు. మామూలు మోకాలు తలుపు బందులాగా ఒకే చోట తిరుగుతుంది. మడమ ఆనేటప్పుడు బరువు కాస్త అటూఇటూ అయిందంటే గభాల్న మడుచుకుపోయి మనిషిని పడేస్తుంది. ఇందులో నాలుగు కడ్డీలు కలిసి కదులుతాయి, తిరిగే చోటు కూడా వాటితోపాటే జరుగుతూ ఉంటుంది. మడమ ఆనినప్పుడు అది పైకి, వెనక్కి ఉంటుంది కాబట్టి బరువు మోపినా మోకాలు నిలబడుతుంది. కాలు ముందుకు ఊపినప్పుడు కింది భాగం కొంచెం పొట్టిదైనట్టు పైకి లేస్తుంది, వేలి దగ్గర రాయి తగలదు. మా ఊరి రోడ్డు చూసినవాళ్లకు దీని విలువ అర్థమవుతుంది. 160 డిగ్రీల వరకు మడుస్తుంది. ఎర్రగుంట్ల స్టేషన్ ముందు షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. తెలిసిన డ్రైవరు అద్దంలో చూసి, "ఏమన్నా, కాలు బలే మడుస్తాండావే!" అన్నాడు. ఆ మాటకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ల్యాబులో 30 లక్షల సార్లు బరువు వేసి తీసి పరీక్షించిన మోకాలు ఇది. అంత ఓపిక ఎవరికుంటుంది? ఇవాళ పెట్టుబడి పెట్టి రేపు లాభం చూసుకునేవాళ్లకు ఉండదు. పేదవాళ్ల మోకాలి మీద ఏళ్ల తరబడి పని చేయాలంటే జీతం సర్కారు నుంచి రావాల్సిందే. జైపూర్ కాలూ అంతే. 1968లో జైపూర్ సర్కారు ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె.సేథీ కలిసి చేశారు. చెప్పు లేకుండా బురదలో నడవడానికి, బాసింపట్టు వేసి కూర్చోవడానికి మనలాంటి వాళ్ల కోసం చేసింది. అబ్దుల్ కలాం గారు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు, నిమ్స్ డాక్టరు ఒకాయన ల్యాబుకు వచ్చి అగ్ని క్షిపణికి వాడే తేలికపాటి పదార్థం చేతిలోకి తీసుకుని చూశాడట. తర్వాత కలాం గారిని ఆసుపత్రికి తీసుకెళ్లి, కాళ్లకు ఆసరాగా కట్టే, మూడు కిలోల పైన బరువుండే ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పిల్లలను చూపించాడు. దాంతో 300 గ్రాముల కాలిపర్ పుట్టింది. ఈ సంగతి కలాం గారే చాలాసార్లు చెప్పారు. నా మోకాలిలో చేయి వేసిన ఆ సొసైటీ కూడా 1993లో ఆయన చొరవతోనే మొదలైంది.

అందుకే, ఎవరైనా "పాపం, దానం చేశారా?" అంటే నాకు నచ్చదు. సబ్బు కొన్నా, సెల్లు రీఛార్జి చేసినా మనం కట్టే పన్నులో పైసా పైసా పోగై ఆ ల్యాబు నడిచింది. నేనూ కట్టాను, మీరూ కట్టారు. కాబట్టి నాతో ఒక్కసారి కూడా మాట్లాడనివాళ్లకు కూడా థ్యాంక్స్ బాకీ ఉన్నాను, తీసుకోండి.

అంతా పూలబాటేమీ కాదు. ఎండాకాలం సాకెట్‌లో చెమట పట్టి చర్మం ఒరుసుకుపోతుంది, సాక్స్ మార్చుకుంటూ ఉండాలి. స్క్రూ వదులైతే నేను మళ్లీ బెంగళూరు బస్సు ఎక్కాల్సిందే. మన జిల్లాలోనే బిగించి సర్దే వర్క్‌షాపు, అందులో నేర్చిన మనిషి ఉంటే ఎంత బాగుండు. ఈ మాట చదివే నాయకులు ఎవరైనా ఉంటే గుర్తు పెట్టుకోండి సార్.

మా ఆవిడ ఈ పోస్టులో తన పేరు రాయొద్దంది. రాయడం లేదు.

మోకాలి పైన కాలు పోయినవాళ్లు మన చుట్టుపక్కల ఎవరున్నా, కాలు పెట్టించుకోవడానికి వెళ్లే ముందు సదరం సర్టిఫికెట్, డిశ్చార్జి కాగితాలు జిరాక్స్ తీసి పెట్టుకోండి. మొదటి సాకెట్ కుదరకపోతే మొహమాటపడకుండా మళ్లీ కొలత తీయమనండి, తొడ సన్నబడే కొద్దీ మార్చాల్సే వస్తుంది. ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటాను. వచ్చారంటే కాలు విప్పి చూపిస్తాను, మా అన్న కొడుకు ఉంటే ఇంకో గంట క్లాసు కూడా పీకుతాడు.