తెనాలిలో కొత్తవారికి లినక్స్ పరిచయం: 2025–26 జమా ఖర్చుల వివరణ

2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు మన లినక్స్ (విండోస్‌లాగా కంప్యూటర్‌ను నడిపే ఉచిత వ్యవస్థ) వినియోగదారుల బృందం పేరిట వచ్చిన పైకానికీ, అయిన ఖర్చుకూ లెక్కను సభ్యుల ముందూ, దాతల ముందూ, కంప్యూటర్లలో లినక్స్ వేసి ఇచ్చే మన శిబిరాలకు వచ్చి హుండీలో పదో ఇరవయ్యో వేసి వెళ్లిన పట్టణవాసుల ముందూ ఉంచుతున్నాము. ఏడాది మొదట్లో బ్యాంకులో 6,240 రూపాయలు, చేతిలో నగదుగా 1,110 రూపాయలు, వెరసి 7,350 రూపాయల ప్రారంభ నిల్వ ఉంది. ఏడాదిలో కొత్తగా వచ్చినది 1,01,166 రూపాయలు. ఖర్చయినది 1,03,178 రూపాయలు. మార్చి 31 సాయంత్రానికి మిగిలిన నిల్వ 5,338 రూపాయలు కాగా, అందులో 4,618 బ్యాంకు ఖాతాలోనూ, 720 కోశాధికారి చేతిలోనూ ఉన్నాయి.

జనవరి సమావేశంలో ఒక దాత లేచి, లినక్స్ ఉచితమని మీరే చెబుతారు గదా, మరి లక్ష రూపాయలు దేనికయ్యాయి అని అడిగారు. అది అడగవలసిన ప్రశ్నే గనుక ఈ వివరణ అంతటినీ దానికి జవాబుగానే రాస్తున్నాము. సాఫ్ట్‌వేర్ కొనడానికి ఈ ఏడాది ఒక్క రూపాయి కూడా వెళ్లలేదు. లినక్స్ రకాలైన మింట్, డెబియన్, ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే లిబ్రేఆఫీస్, తెలుగు కీబోర్డులు, తెలుగు ఫాంట్లు అన్నీ ఖర్చు లేకుండానే వచ్చాయి. డబ్బు అయినదల్లా వాటిని పాత యంత్రాల్లో నడిచేలా చేయడానికీ, అవి ఎక్కిన తర్వాత కొత్తవారు నెల రోజులలోపే విసిగి వదిలేయకుండా వారి వెంట ఉండడానికీ.

ముందుగా జమ సంగతి. సభ్యులు 31 మంది తలా 600 రూపాయల చొప్పున కట్టిన వార్షిక చందా 18,600 రూపాయలు. 23 మంది దాతల విరాళాలు 63,500 రూపాయలు. శిబిరాల్లో పెట్టిన హుండీని ప్రతిసారీ ఇద్దరు సభ్యుల ఎదుట తెరిచి లెక్కించగా ఏడాది మొత్తానికి 8,430 రూపాయలు వచ్చాయి. పెన్‌డ్రైవులకు కొత్తవారు ఇచ్చిన సొమ్ము 10,400 రూపాయలు, బ్యాంకు వడ్డీ 236 రూపాయలు.

విరాళాల విషయంలో ఒక సంగతిని దాచకుండా చెప్పాలి. తెనాలిలో పుట్టి పెరిగి, అమెరికాలో స్థిరపడి, అక్కడి పౌరసత్వం తీసుకున్న ఒక శ్రేయోభిలాషి నవంబరులో 10,000 రూపాయలు పంపారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం, భారతీయ పౌరుడు ఏ దేశంలో ఉద్యోగం చేస్తున్నా తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. పరదేశ పౌరసత్వం తీసుకున్నవారు పంపేది మాత్రం, వారు మన ఊరివారే అయినా, విదేశీ విరాళమే అవుతుంది. మన సంఘానికి ఆ చట్టం కింద నమోదు లేదు. అందుచేత ఆ పైకాన్ని ఖర్చు పెట్టకుండా, వచ్చిన ఖాతాకే తిప్పి పంపాము. పై జమలో దాన్ని కలపలేదు. వారు నొచ్చుకోకుండా అర్థం చేసుకున్నారు. సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు రెండు రోజులు మాతోపాటు కూర్చుని యంత్రాలు సిద్ధం చేశారు. మన విరాళాలకు ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు వర్తించదన్న మాటను రశీదు మీదనే అచ్చు వేయిస్తున్నాము.

ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు పెన్‌డ్రైవులది. 32 జీబీవి 80, ఒక్కొక్కటి 310 రూపాయల చొప్పున 24,800 రూపాయలు అయ్యాయి. ఒక్కో దానిలో వెంటాయ్ (ఒకే పెన్‌డ్రైవు నుంచి కావలసిన వ్యవస్థను ఎంచుకుని తెరవనిచ్చే ఉపకరణం) వేసి మింట్, డెబియన్ రెండింటి ఐఎస్ఓలనూ (ఇన్‌స్టాల్ ఫైళ్లనూ), మా తెలుగు చేతిపుస్తకం పీడీఎఫ్‌నూ పెట్టి, ఐఎస్ఓల చెక్‌సమ్ (ఫైలు చెడలేదని తేల్చే సంఖ్య) సరిచూశాకే ఇచ్చాము. 52 మంది తలా 200 రూపాయలు ఇచ్చి తీసుకెళ్లారు. తొమ్మిదింటిని విద్యార్థులకు ఉచితంగా ఇచ్చాము. పదిహేను కార్యకర్తల వద్ద శిబిరాల కోసం ఉన్నాయి. నాలుగు పాడయ్యాయి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగలది) పేరు చెప్పి డబ్బు తీసుకోవడం తగునా అని ఇద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పారు గనుక కమిటీ అభిప్రాయాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాము. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో గ్నూ ఈమ్యాక్స్ అనే తన ఎడిటర్‌ను టేపుల మీద 150 డాలర్లకు అమ్మి ఆ పనికి ఆధారం చేసుకున్నారు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లినక్స్‌కు మొదట్లో డబ్బు తీసుకుని పంచకూడదన్న షరతు ఉండేది. 1992లో దాన్ని జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందకు మార్చినప్పుడు ఆ షరతు పోయింది. ప్రతిని అందించినందుకు వెల తీసుకోవడాన్ని ఆ లైసెన్సు అనుమతిస్తుంది. పుచ్చుకున్నవారు దాన్ని మరొకరికి ఇవ్వకుండా అడ్డుపడడమే తప్పు. మేము కొన్న ధరకన్నా 110 రూపాయలు తక్కువకే ఇచ్చాము. అది కూడా ఇవ్వలేనివారిని అడగలేదు. వచ్చే ఏడాది పెన్‌డ్రైవులను ఇన్ని కొనబోము. ఇంట్లో పడి ఉన్న పాతవాటినే తెచ్చుకోమని ముందుగానే చెబితే ఈ పద్దు సగానికి తగ్గుతుందని ఇప్పుడు అనిపిస్తున్నది. ఇది మేము ముందే చేసి ఉండవలసింది.

ఎస్‌ఎస్‌డీలకు (పాత హార్డ్ డిస్కుల స్థానంలో పెట్టే వేగమైన డిస్కులకు) 19,400, ర్యామ్‌కు (యంత్రం పనిచేస్తుండగా వాడుకునే మెమరీకి) 5,400 రూపాయలు అయ్యాయి. ఈ రెండు పద్దులనూ కమిటీ ఏ సంకోచమూ లేకుండా సమర్థిస్తుంది. దుగ్గిరాల వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మూలనపడిన కంప్యూటర్లు పన్నెండు ఉన్నాయని జూన్‌లో అక్కడి ఉపాధ్యాయురాలు చెప్పారు. పవర్ బటన్ నొక్కిన తర్వాత డెస్క్‌టాప్ కనిపించడానికి ఐదు నిమిషాలు పట్టేది. ఒక్కో యంత్రం ముందు నలుగురు పిల్లలు నిలబడి ఉండగానే పీరియడ్ గడిచిపోయేది. విజయవాడలో జూలైలో ఎనిమిది ఎస్‌ఎస్‌డీలను 1,450 చొప్పున కొన్నాము. మిగిలిన నాలుగింటిని వెంటనే కొనడానికి చేతిలో పైకం లేక జనవరి దాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి మెమరీ చిప్పుల ధరలు ప్రపంచమంతటా పెరిగి, అదే సరుకు 1,950 రూపాయలు అయింది. పాత డీడీఆర్3 ర్యామ్ ముక్కలు పన్నెండింటిని 450 చొప్పున వాడినవే కొన్నాము. పది యంత్రాల్లో మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకాన్ని వేశాము. తక్కిన రెండింటివి పాతకాలపు 32 బిట్ల ప్రాసెసర్లు. డెబియన్ 13 అటువంటి పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానివేసింది గనుక వాటిలో డెబియన్ 12 వేశాము. ఇప్పుడు మింట్ యంత్రాలు అర నిమిషంలోపే తెరుచుకుంటున్నాయి. స్టెల్లేరియం అనే ఆకాశాన్ని చూపే సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆ రాత్రి తమ ఊరి మీద కనిపించబోయే ఆకాశాన్ని తొమ్మిదో తరగతి పిల్లలు చూసిన రోజున కోశాధికారి కూడా అక్కడే ఉన్నారు.

ఆగస్టు శిబిరంలో జరిగిన పొరపాటు లెక్కల్లో 4,350 రూపాయల ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుగా కనిపిస్తుంది గనుక దాని వెనుక సంగతి చెప్పక తప్పదు. చేబ్రోలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ల్యాప్‌టాప్‌లో విండోస్ డిస్కులో ఒక పార్టిషన్‌లోనూ (భాగంలోనూ), ఆయన కుమార్తె పెళ్లి ఫోటోలు మరో పార్టిషన్‌లోనూ ఉన్నాయి. మా కార్యకర్త విండోస్ ఉన్న భాగాన్ని మాత్రమే ఎంచుకోవలసి ఉండగా, డిస్కు మొత్తాన్ని చెరిపివేసే ఎంపికను నొక్కాడు. బ్యాకప్ తీసుకున్నారా అని ఎవరూ అడగలేదు. అది కార్యకర్త ఒక్కడి తప్పు కాదు, అడిగే పద్ధతిని పెట్టని కమిటీ తప్పు. ఫోటోరెక్ అనే ఉచిత ఉపకరణాన్ని రెండు రాత్రులు నడిపి దాదాపు అన్ని ఫోటోలనూ వెనక్కు తెచ్చాము, కానీ ఆ ఉపకరణం ఫైళ్ల పేర్లను తిరిగి తేలేదు. పెళ్లికూతురును చేసిన రోజు ఫోటోలూ తలంబ్రాల ఫోటోలూ వేలకొద్దీ కలిసిపోయి, వట్టి అంకెల పేర్లతో వచ్చాయి. ఇద్దరు కమిటీ సభ్యులు వారింటికి వెళ్లి క్షమాపణ చెప్పి, నాలుగు ఆదివారాలు వారి కుటుంబంతో కూర్చుని వాటిని వరుసలో పెట్టారు. ఆ తర్వాత కొన్న డిస్కు ఇది. ఇప్పుడు యంత్రంలోని ఫైళ్లు దీనిలోకి చేరి, యజమాని స్వయంగా రెండు ఫైళ్లు తెరిచి చూసి సంతకం చేసేవరకు ఇన్‌స్టాల్ మొదలు కాదు. ముప్పై రోజుల తర్వాత ఆ కాపీని చెరిపివేస్తాము.

రెండో పొరపాటు వైఫై అడాప్టర్లది. పాత డెస్క్‌టాప్‌ల కోసం పదింటిని 420 చొప్పున 4,200 రూపాయలకు ఒకేసారి కొన్నాము. వాటిలోని చిప్‌కు కెర్నల్‌లో (లినక్స్ మూలభాగంలో) డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రాము) లేదు. బయటి నుంచి తెచ్చి వేసిన డ్రైవర్ కెర్నల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ పని మానేసింది. పెట్టెలు తెరిచాము గనుక దుకాణం వెనక్కు తీసుకోలేదు. పదీ ఆస్తుల రిజిస్టరులో నమోదై బీరువాలో ఉన్నాయి. ముందు ఒకటి మాత్రమే కొని పరీక్షించి ఉంటే 3,780 రూపాయలు మిగిలేవి. ఏ పరికరాన్నయినా ఒకదాన్ని పరీక్షించాకే మిగిలినవి కొనాలని ఫిబ్రవరిలో తీర్మానం చేశాము.

చేతిపుస్తకానికి 11,400 రూపాయలు అయ్యాయి. 32 పేజీలు, 300 ప్రతులు, ప్రతికి 38 రూపాయలు. మొత్తం లిబ్రేఆఫీస్‌లోనే మండలి, రామభద్ర ఫాంట్లతో కూర్చాము. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగల అక్షర సంకేత పద్ధతి) తమ వద్ద సరిగా రాదని ప్రెస్సువారు మొదట సంకోచించారు గానీ, ఫాంట్లను లోపలే పొదిగిన పీడీఎఫ్ ఇచ్చేసరికి ఒత్తులతో సహా అక్షరం చెదరకుండా వచ్చింది. పుస్తకంలో ఏముండాలన్నది కొత్తవారే నిర్ణయించారు. డెబియన్ టెర్మినల్‌లో (ఆదేశాలను టైపు చేసే కిటికీలో) పాస్‌వర్డ్ టైపు చేస్తుంటే చుక్కలు కూడా కనిపించకపోవడంతో కీబోర్డు పాడైందని ఏడుగురు యంత్రాన్ని వెనక్కు తెచ్చారు; అందుకని ఆ సంగతి రెండో పేజీలోనే ఉంది. పదవీ విరమణ చేసిన ఒక తెలుగు పండితురాలు క్షేత్రయ్య పేరు రాయడానికి ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు మీద క తర్వాత పొల్లు, ఆ తర్వాత ష నొక్కి, తెర మీద క్ష ఏర్పడగానే, బడిలో మేము నేర్పిన వరుస ఇదే గదా బాబూ అన్నారు. తెలుగు టైపింగు పాఠాన్ని ఆమె చేతనే రాయించాము. పారితోషికం ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

శిబిరాలు జరిగే పఠన మందిరానికి కరెంటు, శుభ్రత ఖర్చుల కింద శిబిరానికి 800 చొప్పున పదకొండు శిబిరాలకు 8,800 రూపాయలు ఇచ్చాము. మే నెలలో ఎండల వల్ల శిబిరం పెట్టలేదు. నెట్‌వర్క్ స్విచ్, లాన్ వైర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులకు 5,870, టీ టిఫిన్లకు 9,240, సెప్టెంబరు 20న సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినం నాటి బ్యానరుకూ కరపత్రాలకూ 3,150, బ్యాంకు ఛార్జీలకు 118 రూపాయలు అయ్యాయి. అక్టోబరు 12 శిబిరంలో టీ టిఫిన్లకు మామూలుకన్నా ఎక్కువ అయింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు (భద్రతా అప్‌డేట్లు) ఆ నెల 14న ముగుస్తుందని తెలిసి ఆ రోజున మెట్ల మీద కూడా జనం కూర్చున్నారు. మద్దతును మరో ఏడాది పొడిగించుకునే మార్గం కంపెనీ ఇచ్చిందన్న సంగతిని వచ్చిన ప్రతివారికీ చెప్పాకే లినక్స్ మాట ఎత్తాము. భయపెట్టి మార్పించడం మా పని కాదు.

మిగిలినది కార్యకర్తల ప్రయాణాలకు అయిన 6,450 రూపాయలు. పద్దు చిన్నదే అయినా, ఏడాది ఫలితమంతా దాని మీదే నిలిచిందని మా గట్టి నమ్మకం. ఈ ఏడాది 143 మంది యంత్రాలతో వచ్చారు. 96 యంత్రాల్లో లినక్స్ ఎక్కింది. తక్కినవారు పెన్‌డ్రైవు నుంచే నడిపి చూసి వెళ్లారు. మార్చిలో ఆ 96 మందికీ ఫోన్లు చేయగా 61 మంది వాడుతున్నామన్నారు, 22 మంది విండోస్‌కు తిరిగి వెళ్లారు, 13 మంది దొరకలేదు. వాడుతున్న 61 మందిలో 48 మంది ఇంటికో దుకాణానికో మా కార్యకర్త కనీసం ఒక్కసారి వెళ్లారు. ప్రింటరు పలకకపోవడం, బడి పోర్టల్ తెరుచుకోకపోవడం, మనవడి ఫోన్ నుంచి ఫోటోలు రాకపోవడం వంటివి శిబిరంలో తేలవు. కొల్లిపరలోనో వేమూరులోనో వారి గదిలో, వారి ప్రింటరు పక్కన కూర్చుంటేనే తేలుతాయి. వెనక్కు వెళ్లినవారిలో తొమ్మిది మంది డీటీపీ, ఫోటో స్టూడియోలవారు. వారి పాత ఫైళ్లన్నీ యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లలో ఉన్నాయి గనుక లినక్స్‌లో వారి పని సాగలేదు. వారికి లినక్స్ వేయడమే మా తొందరపాటు. పని తెలుసుకోకుండా యంత్రాన్ని మార్చకూడదని ఇప్పుడు నమోదు పత్రంలోనే మీ వృత్తి ఏమిటి, రోజూ ఏ సాఫ్ట్‌వేర్ తెరుస్తారు అని అడుగుతున్నాము.

కమిటీలో లేని ఇద్దరు సభ్యులు నగదు పుస్తకాన్నీ ఓచర్లన్నిటినీ తనిఖీ చేశారు. డిసెంబరు శిబిరంలో 340 రూపాయల టీ ఖర్చుకు రశీదు లేదని వారు గుర్తించారు. ఆ రోజు ఉన్న ఇద్దరు సభ్యుల ధ్రువీకరణ పత్రంతో దాన్ని ఆమోదించారు గానీ, ఇకపై రశీదు లేని ఖర్చు 100 రూపాయలు మించితే చెల్లించవద్దని రాసి సంతకం చేశారు. కమిటీ దాన్ని అంగీకరించింది. ప్రొజెక్టరు మరమ్మతుకు 2,600 రూపాయలు ఇంకా చెల్లించవలసి ఉంది, అది పై లెక్కల్లో లేదు. నగదు పుస్తకం, ఓచర్లు, బ్యాంకు పాసుపుస్తకం ఏప్రిల్ 12 శిబిరంలో ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు పఠన మందిరం ద్వారం పక్కన బల్ల మీద ఉంటాయి. దాతలే కానక్కర్లేదు, ఎవరైనా చూడవచ్చు. అభ్యంతరాలను ఏప్రిల్ నెలాఖరులోగా రాతపూర్వకంగా ఇస్తే మే సమావేశంలో చదివి జవాబు ఇస్తాము.